పుణ్యవతమ్మ పై పోర్షన్

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్న పెద్దలు, ఇల్లు కొంటానంటూ ఊరంతా తిరిగే మొగుడితో కాపురం చేసి చూడు అనడం మరిచిపోయారు. ఆ వైభవం ఎలా ఉంటుందో స్వాతిని అడగాలి. రెండేళ్లుగా ఆమెకు ఆదివారమన్నది లేదు. వారమంతా మాదాపూర్ ఆఫీసులో కంప్యూటర్‌తో కుస్తీ పట్టి, ఆదివారం తలంటుకుని కాసేపు నడుం వాలుద్దామనుకునేసరికి, శివశంకర్ కారు తాళం వేలికి తిప్పుకుంటూ గుమ్మంలో సిద్ధంగా ఉంటాడు.

"పోదాం పా స్వాతీ. ఎండెక్కితే మళ్లీ నువ్వే తిడతావు."

శివశంకర్‌ది ప్రొద్దుటూరు. ఆ ఊరివాళ్లకు బేరం ఉగ్గుపాలతోనే వస్తుందంటారు గానీ, ఇతనికి బేరం కన్నా భయం ఎక్కువ. గచ్చిబౌలిలో అతని ఆఫీసులో ఎడం పక్క కుర్చీ రెండేళ్ల కిందటి ఉగాదికి ఖాళీ అయింది, కుడి పక్క కుర్చీ ఆ తర్వాత ఖాళీ అయింది. అప్పటినుంచి మనిషి కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. నెలనెలా అద్దె తెచ్చిపెట్టే ఇల్లొకటి చేతిలో ఉంటే తప్ప తనకు నిద్ర పట్టదని తీర్మానించుకున్నాడు. తాము మాత్రం కొండాపూర్‌లో అద్దె ఇంట్లోనే ఉంటున్నారు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, కొనని ఇంటికి ఎలాంటి అద్దెదారుడు రావాలో కూడా ఆయన దగ్గర లెక్క సిద్ధంగా ఉండేది.

ఆ లెక్కకు ఒక కిటుకు కనిపెట్టాడు. "బాడుగ ఎంతొస్తాదని అమ్మేవాణ్ని అడిగితే అబద్ధం చెప్తాడు. బాడుగకు కావాలని మనమే పోతే నిజం చెప్తాడు. ఏ ఏరియా మంచిదో, అపార్ట్‌మెంటా, విడి ఇల్లా, రూములా, అంతా అట్లే తెలుస్తాది."

అందుకని ప్రతి ఆదివారం ఇద్దరూ అద్దె ఇల్లు వెతుక్కునే ఆలుమగల వేషం కట్టేవారు. టు లెట్ బోర్డు కనిపిస్తే కారు ఆగేది. శివశంకర్ నీళ్ల సంగతి అడుగుతాడు, నల్లా తిప్పి చూస్తాడు. స్వాతి వంటింటి అలమరాలు తెరిచి చూడాలి, గాలి వస్తుందా అనాలి. చివర్లో "ఇంట్లో మాట్లాడుకుని ఫోన్ చేస్తాం" అనాలి. ఆ ఫోన్ ఎవరికీ పోయింది లేదు. పాపం, ఆ మాట నమ్మి ఎందరు ఎదురుచూశారో.

మొదట్లో తెల్లాపూర్ మీద మోజు పడ్డాడు. మేఘాల దాకా లేచిన టవర్లు, ఈతకొలను, గేటు దగ్గర సెల్యూట్లు. తీరా చూస్తే, తాళాలన్నీ ఒకే నెలలో చేతికొచ్చిన ఓనర్లు అందరూ ఒకేసారి అద్దెదారుల కోసం వల విసురుతున్నారు. వీళ్లు చూసొచ్చిన ఫ్లాటు ఓనరు రోజుకు మూడుసార్లు ఫోన్ చేసి తానే అద్దె తగ్గించుకుంటూ పోయాడు. పక్కనే మరో టవర్ లేస్తోంది. అది పూర్తయితే అద్దెదారులు ఇటునుంచి అటు దూకుతారు. మెయింటెనెన్స్ అంటావా, అది గోడకు కొట్టిన సున్నమే.

తర్వాత బోరబండ. అక్కడ ఇరుకు సందుల్లో ఒంటి గదులు వరసగా ఉన్నాయి. ఒకరు ట్రంకుపెట్టె దించుతుంటే ఇంకొకరు గేటు దగ్గర నిలబడి ఉన్నారు. గది ఒక్కరోజు ఖాళీగా ఉండదు. లెక్క చూసుకుంటే అన్నిటికన్నా అదే మేలు. కానీ మోటారు కాలినా, మురుగు పొంగినా ఓనరు అక్కడే ఉండాలి.

"అంతేకాదు స్వాతీ, ఆఫీసులో బోరబండ అని యెట్ల చెప్పుకునేది?"

"బాడుగ తినే నోరు ఊరి పేరు అడుగుతాదా?" అంది స్వాతి. అతను వినిపించుకోలేదు.

జ్యేష్ఠం చివర్లో, ఒక ముసురు పట్టిన ఆదివారం, లింగంపల్లి వెళ్లారు. రైల్వే స్టేషన్ వెనక పాత కాలనీ. ముందు కరివేపాకు చెట్టు, బయటినుంచి మెట్లు, కింద ఓనరు, పైన ఒక పోర్షన్. గేటుకు అట్టముక్క మీద చేత్తో రాసిన బోర్డు వేలాడుతోంది. ఆ ఇంటావిడ పుణ్యవతమ్మ. భర్త పోయాక ఒక్కతే కింద ఉంటుంది. కొడుకు జశ్వంత్, కోడలు నల్లగండ్లలో అపార్ట్‌మెంటులో ఉంటారు. ఇవన్నీ మెట్లెక్కుతూనే ఆమె చెప్పేసింది.

పైన హాలు, పడకగది, వంటగది. వంటింట్లో అలమరాలు లేవు, కడప బండలతో కట్టిన అరలు ఉన్నాయి. స్వాతి ఎవరూ చెప్పకుండానే ఒక బండ మీద చెయ్యి పెట్టింది. చల్లగా ఉంది. కిటికీలోంచి చూస్తే చెట్ల సందున రైలు పట్టాలు. ఎంఎంటిఎస్ లోకల్ రైలెక్కితే హైటెక్ సిటీలో దిగి ఆఫీసుకు పోవచ్చు, కొండాపూర్ ట్రాఫిక్‌లో ప్రాణం పోగొట్టుకోనక్కర్లేదు.

"ఏ ఊరు బిడ్డా మీది?" అంది పుణ్యవతమ్మ.

"జమ్మలమడుగు పక్కనమ్మా. ఆయనది ప్రొద్దుటూరు."

"అయితె ఈ బండలు మీ దిక్కువే. ముప్పై ఏండ్లసంది ఒక్కటి పగల్లే. మొన్న పోయినోళ్లు తొమ్మిదేండ్లున్నరు. సొంతిల్లు కట్టుకుని, ఏడ్సుకుంట పోయిండ్రు."

తొమ్మిదేళ్లు అన్నమాట వినగానే శివశంకర్ చెవులు నిక్కపొడుచుకున్నాయి. నీళ్లు రోజూ వస్తాయా అని అడిగాడు, నల్లా తిప్పి చూశాడు. పుణ్యవతమ్మ అతని ప్రశ్నలకు జవాబులిస్తూనే స్వాతినే చూస్తోంది.

"జర నిజం చెప్పు బిడ్డా. వస్తరా, ఊకె చూసిపోతరా? చూసిపోయెటోళ్లతోని పరేషాన్ అయితున్న."

ఇంట్లో మాట్లాడుకుని ఫోన్ చేస్తాం అనే మాట స్వాతి నాలుక చివర ఉంది. అక్కడే ఉండిపోయింది. రెండేళ్లలో ఎన్ని ఇళ్లు చూసిందో, ఎన్ని వంటిళ్లలో దొంగలా నిలబడిందో, ఒక్కచోటా కూర్చోవాలనిపించలేదు. ఇక్కడ కూర్చోవాలనిపించింది.

"వస్తామమ్మా," అంది.

శివశంకర్ తిరిగి చూశాడు. పుణ్యవతమ్మ ముఖం విప్పారింది.

"ఎల్లుండి ఆషాఢం వడ్తది. ఆషాఢంల ఇల్లు మారద్దు. శ్రావణంల మొదటి శుక్రారం వచ్చి పాలు పొంగియ్యి. పైసలు గూడ అప్పుడే తీస్కుంట. అప్పటిదాంక ఇంకోళ్లకియ్య. మాటంటె మాటే." కిందికి దిగి, స్వాతి ఫోన్ నంబరు అడిగి తీసుకుని, గేటుకున్న అట్టముక్క తానే విప్పి లోపలికి తీసుకుపోయింది.

కార్లో కూర్చోగానే శివశంకర్ పగలబడి నవ్వాడు. "ఏం యాక్టింగ్ చేసినావే! ఆమె బోర్డు కూడా తీసేసె."

"నేను యాక్టింగ్ చేయలే."

అతను నవ్వు ఆపి ఆమె ముఖంలోకి చూశాడు. "నీకు అంత నచ్చిందా? ఏ ఇల్లూ నచ్చని దానివి. నీకే నచ్చిందంటే బాడుగకొచ్చేవాళ్లు ఎగబడతారు." అని ఏదో ఆలోచనలో పడ్డాడు. ఆ ఆలోచన ఏమిటో స్వాతి అడగలేదు. అడిగి ఉంటే బాగుండేదని తర్వాత చాలాసార్లు అనుకుంది.

ఆషాఢం వచ్చింది. స్వాతి ఆ ఇంటికి పోదామంది. శివశంకర్ చూద్దామన్నాడు. పోకపోతే మానేద్దాం, రావడం లేదని ఆమెకు చెప్పేద్దామంది. "ఇప్పుడొద్దులే. ఆషాఢం పోనీ," అన్నాడు. ఎందుకొద్దో చెప్పలేదు.

పుణ్యవతమ్మ మాత్రం ఫోన్ల మీద ఫోన్లు చేస్తూనే ఉంది. సున్నం వేయిస్తున్న, ఏ రంగు కావాలె బిడ్డా అని ఒకసారి. బోనాలకు రారాదు, మా గల్లీల మంచిగైతది అని ఒకసారి. బ్యాంకుల కొలువు చేసే పిల్లగాడు వచ్చిండు, ఎక్కువిస్తనన్నడు, మాటిచ్చిన అని వాపస్ పంపిన అని ఇంకోసారి. ఆ ఫోన్లు వచ్చినప్పుడల్లా స్వాతి తేలు కుట్టిన దొంగలా ఆఫీసు మెట్ల దగ్గరికి పోయి గొంతు తగ్గించి మాట్లాడేది. లేత ఆకుపచ్చ వేయించమ్మా అంది. నిజం చెప్పలేకపోయింది. చెబితే ఆ ఇల్లు పోతుందని ఒక భయం, చెప్పకపోతే తాను మనిషిని కాదేమోనని ఇంకో భయం. అన్నం సయించేది కాదు, పనిలో మనసు నిలిచేది కాదు.

బోనాలు అయిన మర్నాడు పుణ్యవతమ్మ గొంతు వేరేగా ఉంది.

"బిడ్డా, జశ్వంత్ లడాయి పెట్టుకుంటుండు. పై పోర్షన్ ఊకె ఖాళీగ పెట్టినవ్, కిరాయొస్తలేదు, ఎవరో వస్తరంటవ్, ఎవరు రారు, ఇల్లు అమ్మి మా తాన ఉండు అంటుండు. కొనెటాయన ఎవరో బ్రోకర్‌ను గూడ తోలిండు. రోజు వచ్చి కూసుంటుండు. నాకు తోస్తలేదు. కానీ నువ్వు ఫికర్ చెయ్యకు. అమ్మాల్సొచ్చినా గూడ, పైన నువ్వుండాల్నని షరతు పెడత."

శుక్రవారం ఇంకా ఎంతో దూరం లేదమ్మా అని మాత్రం అనగలిగింది స్వాతి.

మర్నాడు పొద్దున ఆఫీసులకు పోతూ ఇద్దరూ కొత్తగూడ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్నారు. శివశంకర్ ఫోన్ మోగింది. కారు స్పీకర్‌లో గొంతు గట్టిగా వినిపించింది. మధుకర్ అనే బ్రోకరు.

"సార్, లింగంపల్లి ముసలామె మెత్తబడ్డది. కొడుకు మన దిక్కే ఉండు. ఒక్కటే పరేషాన్. పైన ఎవరో అమ్మాయి కిరాయికి వస్తదంట, మాటిచ్చిందంట, ఆ పిల్లను ఖాళీ చేయించొద్దని రాసియ్యమంటున్నది. రాసిద్దాం సార్, ఏమైతది? రిజిస్ట్రేషన్ అయినంక రెండు నెలల్ల పంపిద్దాం. ఎట్లయినా కూలగొట్టేదే గదా."

శివశంకర్ తడబడి ఫోన్ ఆపేసరికి మధుకర్ మొత్తం చెప్పేశాడు. ముందున్న బస్సు కదలలేదు.

"కూలగొట్టి?" అంది స్వాతి.

"సింగిల్ రూములు. బోరబండలో చూసినాం కదా, అట్ల. కానీ లింగంపల్లిలో, స్టేషన్ పక్కనే. ఒక్క రూమూ ఖాళీ ఉండదు."

"అందుకేనా ఆమెకు చెప్పొద్దన్నావు?"

అతను స్టీరింగ్ వైపు చూస్తూ అన్నాడు. "ఇల్లు ఖాళీగా ఉంటే ఓనరు మెత్తబడతారు. అందరూ చేసేదే స్వాతీ. నేను ఆమె గొంతు కోయలేదు, మార్కెట్ రేటే ఇస్తా ఉండా."

"ఆ ఇల్లు ఖాళీగా ఉండేది నా మాట మీద శివా. వచ్చినోళ్లను నాకోసం ఎనక్కి పంపింది. నేను ఆ పొద్దు వస్తామనకపోతే ఆమె ఇల్లు అమ్మే మాటే లేదు."

"రేపు మన ఇద్దరి ఉద్యోగాలూ పోతే? ఎవరు చూస్తారు మనల్ని?" కోపంలో ఉన్నా స్వాతికి జాలేసింది. రెండేళ్లుగా ఆ భయాన్నే ఆదివారాలకు తోడు తెచ్చుకుంటున్నాడు. కానీ తన భయం తీరడానికి ఇంకొకరి కప్పు కూల్చడం ఏ న్యాయమో ఆమెకు అర్థం కాలేదు. బస్సు కదిలింది.

శ్రావణ శుక్రవారం స్వాతి సెలవు పెట్టింది. పాల ప్యాకెట్టు, కొత్త గిన్నె, పసుపు, కుంకుమ, గుప్పెడు బియ్యం సంచిలో వేసుకుని హఫీజ్‌పేట్‌లో రైలెక్కి లింగంపల్లిలో దిగింది. గేటు దగ్గర పుణ్యవతమ్మ ముగ్గు వేసి ఎదురుచూస్తోంది. సంచి అందుకోబోయింది.

"ముందు నా మాట వినమ్మా," అని స్వాతి గేటు బయటే నిలబడి అంతా చెప్పేసింది. ఆదివారాల వేషం, నల్లా తిప్పడం, చేయని ఫోన్లు, బ్రోకర్‌ను పంపింది తన మొగుడేనన్నది, ఇల్లు కూలగొట్టే సంగతి. ఒక్కటీ దాచలేదు.

పుణ్యవతమ్మ సంచి కోసం చాచిన చెయ్యి వెనక్కి తీసుకుంది.

"అంటె ఆ దినం మీరొచ్చింది కిరాయికి గాదు."

"కాదమ్మా. కానీ వస్తామన్నది మాత్రం అబద్ధం కాదు."

"నిన్ను నమ్మి వచ్చినోళ్లను పంపిన. కన్నకొడుకుతోని లడాయి పెట్టుకున్న. గల్లీ అంత చెప్పుకున్న, మంచి పిల్ల వస్తున్నదని." ఆమె గేటు ఊచ పట్టుకుంది. "ఏం పాపం చేసిన బిడ్డా మీకు?"

స్వాతి కళ్లు తుడుచుకుంది. పుణ్యవతమ్మ విసురుగా లోపలికి వెళ్లిపోయింది. గేటు వెయ్యలేదు, రమ్మని కూడా అనలేదు. స్వాతి సంచితో అలాగే నిలబడింది. ఎదురింటావిడ రెండుసార్లు తొంగి చూసింది. వెళ్లిపోవాలని కాళ్లు లాగుతున్నా, ఈసారి కూడా చూసిపోయిన మనిషిగా మిగలడం ఆమెకు ఇష్టం లేకపోయింది.

కొంతసేపటికి పుణ్యవతమ్మ తాళంచెవి పట్టుకుని బయటికొచ్చింది. ముఖం ఇంకా గంటు పెట్టుకునే ఉంది.

"ఎండల నిలవడితె పాలు ఇరిగిపోతయి. పైకి నడువు."

లేత ఆకుపచ్చ గోడల మధ్య, కడప బండ పక్కన, పాలు తూర్పు వైపుకు పొంగాయి. పుణ్యవతమ్మ చేతులు జోడించింది. తర్వాత అక్కడే నిలబడి కొడుక్కి ఫోన్ చేసింది. "జశ్వంత్, కిరాయిదార్లు వచ్చిండ్రు. పాలు గూడ పొంగినయి. ఇల్లు అమ్మేది లేదు. ఆ బ్రోకర్‌ను మల్ల నా గేటు ముంగట కనవడొద్దని చెప్పు." అవతల జశ్వంత్ ఏదో అన్నాడు. ఆమె వినకుండానే పెట్టేసింది.

స్వాతి మొగుడికి ఒకే ముక్క పంపింది, పాలు పొంగించినాను, సాయంత్రం ఇక్కడికే రా అని. అద్దె, అడ్వాన్సు తన జీతంలోంచి అప్పటికే పుణ్యవతమ్మకు ఇచ్చేసింది.

శివశంకర్ వచ్చేసరికి పొద్దు వాలుతోంది. మెట్ల మీద కూర్చున్న స్వాతి పక్కన, ఒక మెట్టు కింద, కూలబడ్డాడు.

"ఈ ఇల్లు మనది కాదు స్వాతీ. రేపు నా ఉద్యోగం పోతే యెట్ల?"

"పోతే ఈమె మనల్ని తొమ్మిదేళ్లయినా ఉండనిస్తాది. నీలాంటి ఓనరైతే రెండు నెలల్లో పంపిస్తాడు."

అతను తల ఎత్తలేదు. చెంపదెబ్బ కొట్టినా అంత నొచ్చుకునేవాడు కాదేమో. "అవును," అన్నాడు.

పుణ్యవతమ్మ కింద వాకిట్లోకి వచ్చింది. ఆమె ముఖంలోకి చూడలేక అతను లేచి, అలవాటు కొద్దీ గోడ పక్క నల్లా తిప్పాడు. "నీళ్లు రోజూ వస్తాయామ్మా?"

"పోయినసారి గూడ గదే అడిగినవ్ సారూ. అప్పుడు కొననీకి అడిగినవ్. ఇప్పుడు ఉండనీకి అడుగుతున్నవా?"

శివశంకర్ ఒకసారి పైకి, స్వాతి వైపు చూశాడు.

"ఉండేదానికేనమ్మా."

"అయితె ఇను. దినమిడిసి దినం వస్తయి, పొద్దుగాల. మళ్ల ఎల్లుండి. బిందెలు నువ్వే పట్టాలె, ఆ పిల్లతోని పట్టియ్యకు."

శనివారం సామాను లారీలో వచ్చింది. ఆదివారం స్వాతి కళ్లు తెరిచేసరికి కిటికీలో ఎండ బాగా పైకొచ్చింది. పోదాం పా అని ఎవరూ అనలేదు. కింద బిందె నిండుతున్న చప్పుడు, మధ్యలో పుణ్యవతమ్మ గదమాయింపు వినిపిస్తున్నాయి. కడప బండ మీద శివశంకర్ ఫోన్ మోగింది. మధుకర్. స్వాతి లేచి ఎత్తింది.

"మేడమ్, సార్ ఉన్నరా? నల్లగండ్లల మంచి ఇల్లొకటి దొరికింది, ఖాళీగున్నది, ఓనరు మెత్తగున్నడు, ఈ రోజే చూస్తె..."

"సార్ నీళ్లు పడతా ఉండాడు," అంది స్వాతి. ఫోన్ పెట్టేసి, మళ్లీ వచ్చి పడుకుంది.